దర్జీకి కాలేయం పంపిన కబురు

ఆ వీధిలో ఎవరి మనసులో ఏముందో పైవాడికే తెలుసు. ఎవరి నడుము ఎంతుందో మాత్రం కత్తెర మావయ్యకి కూడా తెలుసు. ముప్పై ఏళ్ళ నుంచి అదే వీధిలో, అదే ఒంటిగది కొట్లో, అదే కిటికీ పక్కన కూర్చుని కుడుతున్నాడు. ఒకప్పుడు బడి నిక్కర్లు కుట్టించుకున్నవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. మెడలో టేపు, చేతిలో మోచేయంత కత్తెర లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు గనక పిల్లలు పెట్టిన పేరే పెద్దలకీ అలవాటైపోయింది.

పొద్దున్నే కొట్టు తలుపు తీశాక మిషన్‌కి రెండు చేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్క నిమిషం నిలబడతాడు. ఏం అడుగుతాడో ఎవరికీ తెలీదు. భార్య ఒకసారి అడిగితే, "ఇవాళ ఎవరి బట్టా పాడు కాకుండా చూడు స్వామీ అని. అంతకంటే పెద్ద కోరికలు నాకేం ఉన్నాయి?" అన్నాడు. ఆవిడ కూడా కొట్లోనే ఉంటుంది. గుండీలు కుట్టేది, కాజాలు తీసేది ఆవిడే.

మావయ్య దగ్గర కొలతల పుస్తకం ఒకటుంది. మనిషికో పేజీ. అందులో బయటివాళ్ళు పోల్చుకోలేని మర్మం ఒకటి దాగి ఉంది. ఎవరైనా ఒళ్ళు చేసి వచ్చారనుకోండి, టేపు నడుము చుట్టూ తిప్పి, అంకె చూసుకుని, పైకి మాత్రం పాత అంకే చెప్పేవాడు. "ముప్పై ఆరు. చెక్కు చెదరలేదండీ" అనేవాడు. పుస్తకంలోనూ ముప్పై ఆరే ఉంచి, దాని పక్కన సన్నటి గీత గీసేవాడు. గీతకి ఒక అంగుళం. మూడు గీతలుంటే మూడంగుళాలు. బట్ట కత్తిరించేటప్పుడు గీతలు కలుపుకుని కత్తిరించేవాడు. వచ్చినాయన ఆ ప్యాంటు వేసుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "మీరు కుడితే ఎంత హాయిగా ఉంటుందో మావయ్యా" అని సంబరంగా వెళ్ళిపోయేవాడు.

ఇది ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. ఆయనకి పని నేర్పిన పెద్ద మాస్టారు చెప్పిన పాఠం. "బట్ట పెంచు, అంకె పెంచకు. కొలత చెప్పి మనిషిని చిన్నబుచ్చితే నీకేం వస్తుంది?" అనేవాడు పెద్ద మాస్టారు. మంచి మాటే. మంచి మనసుతో చెప్పిన మాటే. ముప్పై ఏళ్ళలో మావయ్య ఎన్ని గీతలు గీశాడో లెక్కే లేదు. అన్నీ దయతో గీసినవే.

మావయ్య సొంత పేజీ కూడా ఉంది ఆ పుస్తకంలో. మొదటి కాగితమే. అందులో నడుము దగ్గర ముప్పై నాలుగు అని ఉంది. పక్కన ఒక్క గీతా లేదు. ఎందుకుంటుంది? తన నడుము తాను ఎప్పుడు కొలుచుకున్నాడు గనక? కొత్త ప్యాంటు కావాలంటే పాత ప్యాంటు బట్ట మీద పరిచి, దాని చుట్టూ సుద్దతో గీసి, "కూర్చునే పని కదా, కాస్త వదులుండాలి" అని ఒక వేలు ఎడం వదిలి కత్తిరించేసేవాడు. మళ్ళీ రెండేళ్ళకి ఆ ప్యాంటు మీద ఇంకో వేలు. కొట్లో రెడీమేడ్ కొనుక్కునేవాడికైతే చీటీ మీద అంకె చెంప మీద కొట్టినట్టు చెబుతుంది. సొంత చేత్తో కుట్టుకునేవాడికి ఎవరు చెబుతారు? అందుకే తన నడుము ముప్పై నాలుగని మనస్ఫూర్తిగా నమ్ముతూ యాభై రెండేళ్ళ వయసుకి వచ్చేశాడు.

ఇలా ఉండగా భార్యకి నీరసంగా ఉంటోందని రక్తపరీక్షకి వెళ్ళారు. అక్కడ ఒకరికి చేయిస్తే రెండోవారికి ఉచితమట. ఉచితమంటే వద్దనకూడదని ఆవిడ పట్టుబట్టి ఈయన చెయ్యి కూడా చాపించింది. రక్తం తీసే ఆవిడ, "సూది గుచ్చుతున్నా, అటు చూడండి సార్" అంటే, "సూదికి భయపడేవాడైతే ఈ వృత్తిలోకి ఎందుకొస్తాడమ్మా" అని నవ్వించి వచ్చాడు.

మర్నాడు కాగితాలు వచ్చాయి. ఆవిడకి రక్తం కాస్త తక్కువ, మాత్రలతో పోతుంది. ఈయనకి షుగరు చూస్తే పరగడుపున తొంభై ఆరు. మావయ్య ఆ అంకె చూసి కాగితం కళ్ళకద్దుకున్నాడు. ఆయన భయమంతా ఆ ఒక్క అంకె గురించే.

ఎందుకంటే పెద్ద మాస్టారుని తీసుకుపోయింది షుగరే. అదీ ఒక్కసారిగా తీసుకుపోలేదు, ముందు వేళ్ళని తీసుకుంది. ఒకరోజు తెల్ల చొక్కా కాలరు కుడుతుంటే బట్ట మీద ఎర్రటి మరకలు కనబడ్డాయి. ఎక్కడివా అని వెతికితే పెద్ద మాస్టారు వేలిలో సూది దిగి ఉంది. ఆయనకి తెలియనే లేదు. "నొప్పి పుట్టలేదురా" అని తన వేలిని పరాయివాడి వేలిలా చూసుకున్నాడు. ఆ చూపు మావయ్యకి ఇప్పటికీ మరుపు రాదు. ఆ తర్వాత పెద్ద మాస్టారు కత్తెర పట్టలేదు. వేళ్ళు పోతే దర్జీకి ఇంకేం మిగులుతుంది?

"షుగరు లేదు. గండం గడిచింది" అన్నాడు మావయ్య కాగితం మడుస్తూ.

"ఆగండి. కింద రెండు అంకెలు నల్లగా, లావుగా వేశారు. అవేమిటి?" అంది భార్య.

అవి కాలేయం తాలూకు ఎంజైములు. ఎస్జీపీటీ అనేది నలభై లోపుండాలిట, ఈయనకి ఎనభై రెండు. జీజీటీ అనేది యాభై అయిదు లోపుండాలిట, తొంభై ఆరుంది.

సరిగ్గా అప్పుడే భార్య తమ్ముడు వచ్చాడు, చొక్కా ఇస్త్రీ చేయించుకుందామని. కాగితం లాక్కుని చదివి, కనుబొమ్మలు పైకెత్తి, అక్క వంక చూశాడు.

"అక్కా, ఇవి పెరిగేది మందు కొట్టేవాళ్ళకే. మా ఆఫీసులో ఒకాయనకి ఇలాగే వచ్చింది. బావా, ఎప్పట్నుంచి?"

"ఏమిటి ఎప్పట్నుంచి?"

"అదే. మాకు తెలీకుండా. కనీసం నన్నైనా పిలవాల్సింది కదా."

మావయ్య ముఖం పాలిపోయింది. జన్మలో ఒక్క బొట్టు ముట్టినవాడు కాదు. "దేవుడి మీద ఒట్టు" అన్నాడు.

"నిప్పు లేనిదే పొగ రాదు బావా" అన్నాడు బావమరిది, నవ్వాపుకుంటూ.

భార్య తమ్ముడి చేతిలోంచి కాగితం లాక్కుంది. "ముప్పై ఏళ్ళుగా మిషన్‌కి ఇటు నేను, అటు ఆయన. దాహమేస్తే మంచినీళ్ళ గ్లాసు కూడా నేనే అందిస్తున్నాను. ఆయన తాగాలంటే నన్నడిగే తాగాలి. నీ చొక్కా తీసుకుని నడువు" అంది. అతను నవ్వుకుంటూ పోయాడు గానీ, ఆవిడ మాత్రం కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు గుండీలు కుట్టలేదు.

సాయంత్రం ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. వీధి మలుపులో చిన్న గదిలో కూర్చుంటాడాయన. మనిషి ఓపికమంతుడు. వరసలో ముసలివాళ్ళుంటే లేచి వచ్చి తలుపు పట్టుకుని లోపలికి తీసుకెళతాడు. ఆయన బట్టలు కుట్టేది కూడా మావయ్యే, అందుకని "మాస్టారూ" అని పిలుస్తాడు.

కాగితం చూసి డాక్టరు మొదట తాగుడు సంగతే అడిగాడు. లేదంటే నమ్మాడు. నొప్పుల మాత్రలు, నాటుమందులు వాడుతున్నారా అని అడిగాడు. అవీ లేవు. కామెర్లు తెచ్చే వైరస్ ఉందేమో చూడాలని ఇంకో పరీక్ష, పొట్టకి స్కానింగు రాశాడు. ఆ తర్వాత కార్డు మీద వివరాలు నింపుతూ అడిగాడు.

"బరువు ఎనభై ఆరు. నడుమెంత?"

"ముప్పై నాలుగు" అన్నాడు మావయ్య, తడుముకోకుండా.

డాక్టరు రాయబోయి ఆగాడు. మావయ్య పొట్ట వంక ఒకసారి చూశాడు. "నాది ముప్పై ఆరు కదా, మీరే చెప్పారు. అంటే మీకంటే నేనే లావన్నమాట" అని నవ్వి, నర్సుని పిలిచి టేపు తెమ్మన్నాడు.

నర్సు కొలిచింది. ఇంకోసారి కొలిచింది. "నలభై సార్" అంది.

మావయ్య నర్సు చేతిలోంచి టేపు తీసుకుని, తిరగేసి, అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాడు. టేపు మంచిదే.

"ఊరందరి నడుమూ కొలిచే మనిషి, తనది కొలుచుకోవద్దూ?" అంది భార్య, డాక్టరుకి చెబుతున్నట్టుగా.

మావయ్య తలెత్తలేదు. ఆయన బాధ తన నలభై గురించి మాత్రమే కాదు. ఎదురుగా కూర్చున్న డాక్టరు తనది ముప్పై ఆరనుకుంటున్నాడు. పుస్తకంలో ఆ ముప్పై ఆరు పక్కన మూడు గీతలున్నాయి.

వారం తర్వాత మిగతా పరీక్షలు వచ్చాయి. వైరస్సులేమీ లేవు. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని రాశారు. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని తాపీగా చెప్పాడు.

"ఈ ఎంజైములు కాలేయం కణాల్లో ఉండి పని చేసుకోవాల్సినవి మాస్టారూ. కణాలు ఇబ్బంది పడితే అక్కణ్ణుంచి రక్తంలోకి కారతాయి. మీ కాలేయంలో కొవ్వు చేరింది. కొవ్వు చేరిన కాలేయం ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు. చాలు, ఇక చక్కెర వదలకు అని ఇన్సులిన్ చెబుతూనే ఉంటుంది, ఇది వదులుతూనే ఉంటుంది. కొన్నాళ్ళు ఒళ్ళు ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుని నెట్టుకొస్తుంది. అందుకే షుగరు అంకె బాగానే కనిపిస్తోంది. ఆ ఓపిక అయిపోయిన రోజున షుగరు పైకి లేస్తుంది."

"అంటే నాకు షుగరు వచ్చేస్తుందా బాబూ?"

"అలా అనలేను. ఇవి పెరిగినవాళ్ళందరికీ రాదు. కానీ షుగరు వచ్చినవాళ్ళని వెనక్కి తిరిగి చూస్తే, చాలామందికి అంతకు కొన్నేళ్ళ ముందే ఈ అంకెలు పెరిగి ఉంటాయి. ఇవి లేనివాళ్ళ కంటే మీకు వచ్చే అవకాశం ఎక్కువ. అంతవరకే నిజం. మంచి సంగతేమిటంటే, ఇది ముందుగా వచ్చిన కబురు. బరువులో పదో వంతు తగ్గండి, రోజూ గంట నడవండి, తీపి తాగడం మానండి. చాలామందిలో ఈ అంకెలు దిగొస్తాయి. ఆరు నెలల్లో మళ్ళీ చూద్దాం."

మావయ్య తన రెండు చేతుల వేళ్ళూ మోకాళ్ళ మీద పరిచి చూసుకున్నాడు. పది వేళ్ళూ తనవే. పది వేళ్ళలోనూ ప్రాణముంది.

"కుట్టు తెగిపోయే ముందు గుడ్డ లాగుతుంది బాబూ. లాగుతున్నప్పుడే చూసుకుంటే మళ్ళీ కుట్టొచ్చు" అన్నాడు. "ఆరు నెలలు చాలు నాకు."

బయటికి వచ్చాక భార్య అంది, "అంత ధీమాగా చెప్పారు. తీపి మానాలంటే ముందు వీధిని మాన్పించాలి."

నిజమే. మావయ్య తీపి కొనుక్కుని తాగే మనిషి కాదు. ఆయనకి వీధే తాగిస్తుంది. మధ్యాహ్నం ఎండ కిటికీలో పడే వేళకి ఎదురు దుకాణం అతను చల్లటి తియ్యటి డ్రింకు సీసా మూత తీసి పంపిస్తాడు. ఒకప్పుడు వాళ్ళమ్మ మంచాన పడితే మావయ్య ఆమెకి ఒత్తుకోని మెత్తటి గౌన్లు ఊరికే కుట్టిచ్చాడు. అప్పట్నుంచి పన్నెండేళ్ళుగా రోజూ ఒక సీసా. ఇంక బట్టలకొచ్చినవాళ్ళు తెచ్చే టీలు. "మావయ్యకి చక్కెర ఎక్కువ వెయ్యి" అని ప్రేమగా చెప్పి మరీ తెస్తారు. రోజుకి ఏడెనిమిదవుతాయి. పుట్టినరోజని ఒకరు, పాసయ్యారని ఒకరు మిఠాయి పొట్లాలు పెట్టి పోతారు. చెడ్డవాళ్ళు పెట్టే విషమైతే తోసెయ్యొచ్చు. మంచివాళ్ళు పెట్టే తీపిని ఎలా తోసెయ్యడం?

మర్నాడు సీసా వచ్చింది. మావయ్య దాన్ని పట్టుకుని తనే రోడ్డు దాటి వెళ్ళాడు.

"ఏం మావయ్యా, చల్లగా లేదా?" అన్నాడు దుకాణం అతను.

"చల్లగానే ఉంది నాయనా. నా కాలేయానికి కొవ్వు పట్టిందట. తీపి తాగొద్దన్నారు."

అతను సీసా వంక, మావయ్య వంక చూశాడు. ముఖం చిన్నబోయింది. "అంటే ఇన్నేళ్ళూ నేనే..."

"నువ్వు పంపింది ప్రేమ. తాగింది నేను. రేపట్నుంచి అదే వేళకి చల్లటి మంచినీళ్ళు పంపించు. ప్రేమలో తేడా తెలిస్తే చెబుతాను."

ఆ మాటకి అతను నవ్వాడు. మర్నాటి నుంచి సీసాలో నీళ్ళు వచ్చాయి. అంతే కాదు, టీ తెచ్చేవాళ్ళని అతనే రోడ్డు మీద ఆపి, "ఎవరికి? మావయ్యకా? చక్కెర లేకుండా" అని కాపలా కాశాడు. వారం తిరిగేసరికి వీధి వీధంతా మావయ్య కాలేయానికి కాపలా కాసింది. బావమరిది కూడా వచ్చి, "బావా, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. డాక్టరు చెప్పాడట, తాగకుండానే ఇది వస్తుందని" అన్నాడు. "తీసుకెళ్ళి దాన్ని ఇస్త్రీ చేసి వేసుకో" అంది అక్క.

నడక మాత్రం తేలలేదు. కూర్చుని కుట్టే మనిషి పని మానుకుని ఊరికే చేతులూపుకుంటూ నడవాలంటే సిగ్గేసింది. మూడు రోజులు నడిచి, "పనీపాటా లేనివాడిలా ఉంది" అని మానేశాడు. అప్పుడు దారి చూపించింది కూడా భార్యే.

"కుట్టిన బట్టలు వాళ్ళొచ్చి పట్టుకెళ్ళేదాకా కొట్లో దుమ్ము పడుతుంటాయి. సాయంత్రం మీరే తీసుకెళ్ళి ఇచ్చి రండి. ఊరికే నడిచినట్టూ ఉండదు."

మావయ్యకి అది నచ్చింది. ఎండ తగ్గగానే మడతపెట్టిన బట్టలు సంచిలో వేసుకుని బయల్దేరేవాడు. ఒక రోజు ఈ దిక్కు, ఒక రోజు ఆ దిక్కు. మెట్లెక్కడం కూడా కలిసొస్తుందని మూడో అంతస్తువాళ్ళ బట్టలు ముందే తీసుకునేవాడు. ముప్పై ఏళ్ళుగా నడుములే తెలిసిన మనుషుల ఇళ్ళు అప్పుడు తెలిశాయి ఆయనకి. గొంతు పెంచి మాట్లాడే గుమాస్తా ఇంట్లో చెవులు వినబడని తల్లి ఉందని తెలిసింది. ఎప్పుడూ బిగుతు చొక్కాలే కుట్టించుకునే కుర్ర టీచరు పక్కింటి ముసలాయనకి రోజూ పేపరు చదివి వినిపిస్తాడని తెలిసింది. నడక గంటన్నరయ్యేది. తిరిగొచ్చి అన్నం తగ్గించి, కూర పెంచి తినేవాడు. ఆకలితో సగం కోపం, సగం నవ్వు.

వారానికొకసారి భార్య ఆయన నడుము కొలిచేది. మొదటిసారి, "నలభై" అంది గట్టిగా, వీధిలోకి వినబడేలా.

"కాస్త మెల్లగా చెప్పవే. ముప్పై తొమ్మిదీ ముప్పావు అన్నా తప్పులేదు."

"మీలా దయగా కొలవడం నాకు రాదు. కళ్ళకి కనిపించిందే చెబుతాను" అంది.

ఆ మాట ఆయనకి లోపలెక్కడో దిగింది. అప్పుడు చెప్పాడు ఆవిడకి, డాక్టరు పేజీలోని మూడు గీతల సంగతి. ఆవిడకి ఆ గీతల మర్మం ఎప్పుడో తెలుసు, ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషి కదా.

"అది దయే అనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నాడు.

"దయే. కాదని ఎవరన్నారు? కానీ ఆ రోజు ఆ నర్సమ్మ కూడా దయ తలచి ముప్పై నాలుగనేస్తే మీరు ఎక్కడుండేవారు?"

నిజం నిష్ఠూరంగా ఉంటుందంటారు. ఆ నిష్ఠూరం ఇంట్లోవాళ్ళ నోటి వెంట వస్తే మందులా పనిచేస్తుంది.

నెల దాటాక డాక్టరు కొత్త ప్యాంటు బట్ట పట్టుకుని కొట్టుకి వచ్చాడు. మావయ్య టేపు తిప్పాడు.

"ముప్పై ఆరే కదా" అన్నాడు డాక్టరు, ఫోను చూసుకుంటూ.

మిషన్ దగ్గర భార్య చేతిలో గుండీ ఆగిపోయింది. మంచి డాక్టరు, పాతికేళ్ళ పరిచయం. ఇవాళ చిన్నబుచ్చుకుంటే మళ్ళీ గుమ్మం తొక్కడు. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"ముప్పై తొమ్మిదిన్నర, బాబూ."

డాక్టరు ఫోను కిందికి దించాడు. "టేపు సరిగ్గా పట్టుకున్నారా?"

"టేపు ఎప్పుడూ సరిగ్గానే పట్టుకున్నాను. నా నోరే సరిగ్గా లేదు." పుస్తకం తెరిచి పేజీ చూపించాడు. గీతలంటే ఏమిటో చెప్పాడు. దాచకుండా చెప్పాడు.

డాక్టరు స్టూలు మీద కూర్చుండిపోయాడు. వరసగా నాలుగు పేజీలు తిప్పాడు. ప్రతి పేజీలోనూ గీతలే. "వీళ్ళంతా నా దగ్గరికి వచ్చేవాళ్ళే" అన్నాడు చివరికి. "నడుమెంత అంటే 'దర్జీ ముప్పై నాలుగన్నాడండీ' అంటారు. దర్జీ మాట కదా అని నేను రాసుకుంటున్నాను." గొంతులో కోపం ఉంది. ఆ కోపం ఎవరి మీదో ఆయనకే తెలిసినట్టు లేదు. బట్ట బల్ల మీద పెట్టి, "ఉన్నదున్నట్టు కుట్టండి" అని వెళ్ళిపోయాడు.

మావయ్య ఆ ప్యాంటు ముప్పై తొమ్మిదిన్నరకే కత్తిరించాడు. పట్టుకెళ్ళి ఇచ్చినరోజు డాక్టరు రోగులతో ఉన్నాడు, నర్సు తీసుకుంది. ఆ తర్వాత ఆయన మళ్ళీ కొట్టుకి రాలేదు. వీధిలో కనబడితే తల ఊపేవాడు, అంతే.

మిగతావాళ్ళ సంగతి ఏం చెయ్యాలి? అందరికీ గట్టిగా అరిచి చెబితే పెద్ద మాస్టారు మాట పోతుంది. చెప్పకపోతే మనుషులు పోతారు. దీనికీ భార్యే దారి చెప్పింది. "మీరు చెప్పకండి. వాళ్ళనే చూసుకోమనండి." అప్పట్నుంచి మావయ్య టేపు తిప్పి, దాని మొదలు వచ్చి కలిసే చోట వాళ్ళ బొటనవేలే పెట్టించి, "ఎంతుందో చదవండి, నా కళ్ళజోడు కనబడట్లేదు" అంటున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంటుంది. కొందరు చదివి నవ్వుతారు, కొందరు నిట్టూరుస్తారు. ఒకాయన మాత్రం టేపు సాగిపోయిందన్నాడు. ఒకావిడ తన భర్తని మర్నాడే రక్తపరీక్షకి పంపించింది.

ఆరు నెలలయ్యాయి. మావయ్య మళ్ళీ చెయ్యి చాపాడు. కాగితం చేతికొచ్చిన రోజు పొద్దున మిషన్ దగ్గర నిలబడి ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నాడు. కాగితం తెరవకుండానే డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళాడు. భార్య వెంట ఉంది.

డాక్టరు చదివాడు. "బరువు డెబ్భై ఏడున్నర. నడుమెంత?"

"ముప్పై ఆరున్నర. ఇంటావిడ కొలిచింది, కావాలంటే మీరూ కొలవండి."

"అక్కర్లేదు. ఆవిడ కొలిస్తే చాలు." డాక్టరు వేలితో కాగితం మీది వరసల వెంట దిగాడు. "జీజీటీ నలభై ఎనిమిది. బాగుంది. ఎస్జీపీటీ నలభై అయిదు. ఇంకో అయిదు ఎక్కువుంది గానీ, ఎనభై రెండు నుంచి వచ్చింది కదా. షుగరు తొంభై ఒకటి."

మావయ్య ఊపిరి వదిలాడు. "ఇంక రాదంటారా?"

"ఇంక రాదని రాసిచ్చే డాక్టరు ఎక్కడా లేడు మాస్టారూ. వచ్చే అవకాశం తగ్గింది. మీరే తగ్గించారు. ఇలాగే ఉంటే ఇంకా తగ్గుతుంది. ఏడాదికోసారి చూపించుకోండి."

"ఏడాదికోసారి ఏం ఖర్మ, మీరు పిలిచినప్పుడల్లా వస్తాను" అన్నాడు మావయ్య. కళ్ళు కాస్త తడిశాయి. భార్య కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, ఆయనవి ఆయన్నే తుడుచుకోమన్నట్టు చూసింది.

డాక్టరు సొరుగు లాగి ఇంకో కాగితం తీశాడు. దాని మీద పేరు ఆయనదే. కింద రెండు అంకెలు నల్లగా, లావుగా ఉన్నాయి.

"ఆ రోజు మీ కొట్లోంచి సరాసరి వెళ్ళి చేయించుకున్నాను. నాలుగైదు నెలలు మీకు ముఖం చూపించలేకపోయాను. కోపం కాదు, సిగ్గు. రోజుకి నలభై మందికి చెబుతాను నడవండని. ఈ కుర్చీలోంచి లేచేది ఎప్పుడు?"

మావయ్య ఆ కాగితం వంక చూడకుండా మడిచి ఆయన చేతికిచ్చాడు. సంచి భుజానికి తగిలించుకుని లేచాడు.

"ఇవాళ ఎటు?" అడిగాడు డాక్టరు.

"రైల్వే గేటు అవతలికి. నాలుగు చొక్కాలు, రెండు గౌన్లు. మూడో అంతస్తు ఒకటుంది."

డాక్టరు బయటి గదిలోకి తొంగి చూశాడు. అప్పటికి రోగులెవరూ లేరు. నర్సుకి గంటన్నరలో వస్తానని చెప్పి, తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "గౌన్ల పొట్లం ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను" అన్నాడు.

"మూడో అంతస్తుకి ముందు మీరెక్కుతారా, నేనెక్కనా?" అన్నాడు మావయ్య.

"మీరే. నేను వెనకాల మెల్లగా వస్తాను."

భార్య కొట్టు వైపు తిరిగింది. ఆ ఇద్దరూ రోడ్డు ఎడమ పక్కగా, ఎండ వాలుతున్న దిక్కుకి నడిచారు.